అడుగుట నేర్చిన గురువు

గోదావరీనది పేరూరును దాటి, ఏటూరునాగారము, దుమ్ముగూడెముల మీదుగా భద్రాచలమును చేరును. ఈ దారి పొడవున నదికి ఇరువైపుల దట్టమైన అడవులు కలవు. టేకు, ఇప్ప, తునికి చెట్లు అచట విరివిగా పెరుగును. ఆ యడవుల నడుమ కోయలును, కొండరెడ్లును తరతరములుగా నివసించుచున్నారు. భద్రాచలము తాలూకా 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో నుండి, ఆ సంవత్సరమున ఖమ్మము జిల్లాలో చేరినది. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడగా, భద్రాచలము ఆ జిల్లాలోనికి వచ్చినది. జిల్లాల యెల్లలు మారినవి గాని నది స్వభావము మారలేదు. వర్షాకాలము వచ్చెనా, "భద్రాచలము కాడ నీరెన్ని అడుగులున్నది?" అను ప్రశ్న ఊరూర వినవచ్చును. నీరు 43 అడుగులకు చేరిన మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఈ మూడు అంకెలు ఎరుగని పసివాడు ఆ తీరమున లేడు.

అట్టి తీరగ్రామము నొకదానిని మనస్సున చిత్రించుకొనుడు. ఊరి చివర పాఠశాల. పాఠశాల వెనుక అడవి. ముందు కొంత దూరమున గోదావరి. ఆ పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు ఇరువది యేండ్లుగా సాంఘికశాస్త్రము బోధించుచుండెను. ఆయన కష్టజీవి. ఒక్కనాడును ఆలస్యముగా వచ్చి యెరుగడు. అయితే ఆయనకొక దృఢమైన నమ్మకము కలదు. ప్రశ్న యడుగువాడు గురువనియు, జవాబు చెప్పువాడు శిష్యుడనియు ఆయన యెంచెను. ఈ వరుస తప్పినచో తరగతిలో క్రమశిక్షణ చెడునని ఆయన భయము.

పాఠశాలకు నాలుగు కంప్యూటర్లు వచ్చినవి. వాని బాధ్యత ఈ యుపాధ్యాయునికే అప్పగింపబడెను. దుమ్ము పడకుండ ఆయన వానికి ముసుగులు కుట్టించి, గదికి తాళము వేయించెను. తరగతిలో మాత్రము నల్లబల్లపై కంప్యూటరు బొమ్మ గీసి, "దీని భాగములు ఎన్ని? అవి యేవి?" అని పాఠము చెప్పెను. పిల్లలు చక్కగా వల్లించిరి. పరీక్షలో ఒక బాలునకు నూటికి నూరు మార్కులు వచ్చినవి. కొన్నాళ్లకు గది తెరచినపుడు ఆ బాలుడే మౌసును చేతబట్టుకొని, "సారూ, ఇదేమిటి?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. ఉపాధ్యాయుడును నవ్వెను గాని, ఆ నవ్వు తన బోధనమునకే తగిలినదని ఆయనకు అప్పుడు తోచలేదు.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి కారణముగా పాఠశాలలు మూతపడినవి. తెలంగాణలో సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల ద్వారా పాఠములు మొదలైనవి. ఊరిలో కొన్ని ఇండ్లలోనే టెలివిజన్ ఉండెను. ఫోను సంకేతము అందుటకై పిల్లలు గుట్టయెక్కి కూర్చుండిరి. ఆ విధముగా వ్యాధి తగ్గునాటికి ఊరిలో పుస్తకములు లేని ఇంటికిగూడ ఫోను వచ్చియుండెను. వార్తయు, వదంతియు, పాటయు, పాఠమును ఆ చిన్న పలక మీదనే కనబడజొచ్చెను.

2022వ సంవత్సరము జూన్ నెలలో ఎనిమిదవ తరగతిలోని ఒక కోయబాలిక లేచి నిలిచి, "సారూ, ఫోనులో వచ్చినదంతయు నిజమేనా?" అని ప్రశ్నించెను. ఉపాధ్యాయుడు ఒక్క క్షణము తడబడెను. వెంటనే, "చదువుకున్నవారు వ్రాసినదే అందులో వచ్చును. కూర్చుండుము. ఇప్పుడు మన పాఠము అది కాదు," అని పలికెను. బాలిక కూర్చుండెను. ప్రశ్న మాత్రము కూర్చుండలేదు.

మరుసటి నెలలో ఎడతెగని వానలు కురిసినవి. గోదావరి గట్లొరసి పారజొచ్చెను. ఒకనాటి రాత్రి ఉపాధ్యాయుని ఫోనునకు ఒక సందేశము వచ్చినది. "ఎగువ ఆనకట్ట తెగినది. ఈ రాత్రియే నీరు 90 అడుగులు వచ్చును. అందరికి తెలుపుడు," అని అందున్నది. క్రింద విరిగిన ఆనకట్ట ఫొటో యున్నది. ఉపాధ్యాయుడు గజగజ వణకెను. ఊరివారిని రక్షింపవలెనను మంచి తలంపుతోనే ఆ సందేశమును తనకు తెలిసినవారికెల్ల పంపెను. పంపినవాడు గురువు గనుక ఎవరును శంకింపలేదు. పసిపిల్లలను చంకనెత్తుకొని, ముసలివారి చేతులు పట్టుకొని, చీకటిలో, వానలో జనులు గుట్టమీదికి పరుగెత్తిరి. ఒక వృద్ధురాలు జారిపడగా చేయి విరిగెను. తెల్లవారెను. ఆనకట్ట యేదియు తెగలేదు. ఆ ఫొటో మరియెచటిదో, ఎన్నియో యేండ్లనాటిది. జనులు తిట్టుకొనుచు తడిసిన బట్టలతో ఇండ్లకు మరలిరి.

అసలు విపత్తు రెండు దినముల పిమ్మట వచ్చినది. అధికారులు వచ్చి, నీరు వేగముగా పెరుగుచున్నదనియు, వెంటనే పునరావాస కేంద్రమునకు రావలయుననియు చెప్పిరి. అనేకులు కదలిరి. కాని కొన్ని కుటుంబములవారు, "మొన్నయు నిట్లే చెప్పిరి గదా!" అని ఇండ్లు విడువలేదు. నీరు చుట్టుముట్టిన పిదప వారిని పడవలమీద తేవలసి వచ్చెను. మనుష్యులు దక్కిరి. మేకలు, ధాన్యము, పిల్లల పుస్తకములు దక్కలేదు. జూలై 16వ తేదీన భద్రాచలము వద్ద నీరు 71.3 అడుగులకు చేరినది. 1986వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత నది అంత ఎత్తునకు లేచుట అదియే.

ఉపాధ్యాయునికి చాల దినములు నిద్రపట్టలేదు. "అబద్ధమును పుట్టించినవాడెవడో నేనెరుగను. దానికి కాళ్లు తొడిగినవాడను మాత్రము నేనే. నిజము వచ్చినపుడు నమ్మకుండ చేసినవాడనును నేనే," అని ఆయన పరితపించెను. ఆ బాలిక జూన్‌లో వేసిన ప్రశ్న మరల మరల చెవిలో వినబడెను. దానికి తాను జవాబు చెప్పలేదు, దానిని మూసివైచెను.

ఆ దినములలో ఆయన గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితమును మరల చదివెను. 1863లో జన్మించి 1940లో కీర్తిశేషులైన పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. సమీపపు కొండలలోని సవరలకు చదువు చెప్పదలచిన ఆయన, మొదట తానే సవరల వద్ద శిష్యుడాయెను. మాట మాటకు అర్థ మడిగి తెలిసికొనుచు, వారి భాషను నేర్చి, వారికై ఆ భాషలోనే పుస్తకములు రచించెను. అడుగుటచేత గురువు గౌరవము తగ్గదని ఆ చరిత్రము చాటుచున్నది.

మరియొక ప్రయోగమును గూర్చి గూడ ఆయన చదివెను. 1999లో సుగతా మిత్రా అను శాస్త్రజ్ఞుడు ఢిల్లీలోని కాల్కాజీ ప్రాంతమున ఒక గోడకు రంధ్రము చేయించి, అందులో కంప్యూటరు నమర్చెను. నేర్పువారెవరును లేకున్నను, చుట్టుపట్ల పేదపిల్లలు గుంపుగా చేరి, ఒకరినొకరు చూచి, దానిని ఉపయోగించుట నేర్చుకొనిరి. మన రాష్ట్రములోని పాఠశాలలలో గూడ కనెక్టెడ్ లెర్నింగ్ ఇనిషియేటివ్ అను కార్యక్రమము పిల్లలు తామే చేసి తెలిసికొను పద్ధతిని ప్రవేశపెట్టెను. టాటా సామాజిక విజ్ఞాన సంస్థ, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, టాటా ట్రస్టులు కలిసి నడిపిన ఆ కార్యక్రమమునకు 2017వ సంవత్సరపు యునెస్కో బహుమానము లభించినది. ఇవి చదివి ఉపాధ్యాయుడిట్లు తలంచెను: "యంత్రమును నడుపుట పిల్లలు తామే నేర్తురు. దానికి నా తాళము అడ్డు తప్ప వేరులేదు. కాని యంత్రము చెప్పిన మాట నిజమో కాదో విచారించుట నేర్చుకొనవలసిన విద్య. ఆ విద్య నాకే రాదు. నేనును వారితో కూర్చుండి నేర్చుకొందును."

వరద తగ్గి పాఠశాల తెరచిన దినమున ఆయన తరగతి యెదుట నిలిచి, "బిడ్డలారా, ఆ రాత్రి సందేశము పంపినది నేనే. అది నా తప్పు," అనెను. తరగతి నిశ్శబ్దమాయెను. గురువు తప్పు ఒప్పుకొనుట వారెన్నడును వినలేదు. ఆయన ఆ బాలికవైపు తిరిగి, "అమ్మా, నీ ప్రశ్నను నేనప్పుడు వినియుండవలసినది. ఆ సందేశము రాగానే నేనేమి యడిగియుండవలెను? మీరే చెప్పుడు," అనెను.

మొదట నెవరును నోరు మెదపలేదు. తరువాత ఒక్కొక్కరే లేచిరి. "ఈ మాట చెప్పినదెవరు?" అని యొకడు. "ఎప్పుడు చెప్పినది?" అని మరియొకడు. "చెప్పినవానికి ఎట్లు తెలిసినది?" అని వేరొక బాలిక. "ఇంకెవరైన ఇదే చెప్పుచున్నారా?" అని నాలుగవవాడు. చివరకు మొదటి బాలిక లేచి, "మన కంటికి కనబడుచున్న దానితో అది సరిపోవుచున్నదా?" అనెను. ఆ యైదు ప్రశ్నలను ఉపాధ్యాయుడు కంప్యూటరు గది గోడమీద పెద్ద యక్షరములతో వ్రాయించెను. ముసుగులు తొలగినవి. తాళపుచెవి తరగతి నాయకుని చేతికి వచ్చినది.

త్వరలోనే ఆ ప్రశ్నలకొక పరీక్ష యెదురాయెను. కేంద్ర జలసంఘము వెబ్‌సైటులో భద్రాచలమునకు ప్రమాదమట్టము 48.77 మీటర్లని పిల్లలు చూచిరి. ఒక బాలుడు మీటరునకు 3.28 అడుగుల వంతున లెక్కకట్టి, "సారూ, ఇది 160 అడుగులు! మనకు మూడవ హెచ్చరిక 53 అడుగులే గదా! ఈ రెండింటిలో ఏది అబద్ధము?" అని కేకవేసెను.

పూర్వమైనచో ఉపాధ్యాయుడేదో యొక జవాబు చెప్పి కూర్చుండబెట్టియుండును. ఈసారి ఆయన, "నాకు తెలియదు. కనుగొందము," అనెను. ఇరువది యేండ్లలో ఆ మాట ఆయన నోట వచ్చుట అదియే మొదలు.

పిల్లలు జట్లుగా విడిపోయి మరికొన్ని అంకెలు సేకరించిరి. మొదటి హెచ్చరిక 43 అడుగులు. వెబ్‌సైటులో హెచ్చరికమట్టము 45.72 మీటర్లు, అనగా 150 అడుగులు. 1986 నాటి వరద 75.6 అడుగులు, వెబ్‌సైటులో 55.66 మీటర్లు, అనగా ఇంచుమించు 182.6 అడుగులు. అన్నింటిని పట్టికగా వ్రాసి తీసివేత చేసిరి. 150లో 43 పోగా 107. 160లో 53 పోగా 107. 182.6లో 75.6 పోగా మరల 107! అబద్ధమైనచో తేడా ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగ నుండవలెను. ఇచట తేడా మూడుచోట్ల నొక్కటియే. పిల్లలు ఆశ్చర్యముతో ఒకరి ముఖము లొకరు చూచుకొనిరి.

వెనుక బల్లమీది బాలుడొకడు మెల్లగా, "సారూ, మా తమ్ముడు అరుగుమీద నిలిచినపుడు నాకంటె పొడుగుగా కనబడును. అరుగునుండి కొలిచిన నొక లెక్క, నేలనుండి కొలిచిన మరియొక లెక్క. ఇదియు నట్టిదేమో?" అనెను. అతడు చెప్పినది సత్యము. మీటర్ల లెక్క సముద్రమట్టమునుండి కొలిచినది. అడుగుల లెక్క భద్రాచలమున నాటిన కొలబద్ద యొక్క సున్నానుండి కొలిచినది. ఆ సున్నా సముద్రమట్టమునకు 107 అడుగుల యెత్తున నున్నదని పిల్లల తీసివేతయే చెప్పినది. నీటిపారుదల శాఖ ఇంజనీరు నడుగగా ఆయనయు నట్లే చెప్పెను. రెండు మాటలు వేరువేరుగ నున్నంత మాత్రమున అందొకటి అబద్ధము కానక్కరలేదనియు, ఎచటనుండి కొలిచిరో తెలియక అంకెను నమ్మరాదనియు, త్రోసివేయనురాదనియు తరగతివారు గ్రహించిరి.

విచారణ అంతటితో ఆగలేదు. మొదటి బాలిక తాత 1986 వరదనాడు నీరెక్కిన యెత్తున ఊరి చింతచెట్టుకు ఒక ఇనుపమేకు కొట్టియుండెను. బెరడు ఆ మేకును మింగివైచినను గుర్తు కనబడుచునే యుండెను. 2022 వరద బురదచార గూడ ఆ చెట్టుమీదనే కలదు. పిల్లలు త్రాడుతో కొలువబోవగా ఒకడు, "చెట్టు ముప్పదియారు ఏండ్లు పెరిగినది గదా! మేకు గూడ పైకి పోయియుండదా?" అని సందేహించెను. మంచి ప్రశ్నయని అందరును మెచ్చిరి. విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయురాలి నడిగిరి. రెండుమూడు చోట్ల చదివి సరిచూచిరి. చెట్టు కొమ్మల కొనలయందు ఎత్తు పెరుగును. మ్రాను లావు మాత్రమే పెరుగును. కనుక మేకు కొట్టినచోటనే యుండునని తేలినది. అప్పుడు కొలిచిరి. మేకునకును బురదచారకును నడుమ ఎడము ఇంచుమించు నాలుగడుగులు. భద్రాచలము లెక్కలో 75.6 నుండి 71.3 తీసివేసిన 4.3. తాత జ్ఞాపకమును, వెబ్‌సైటులోని అంకెయు ఒకదానికొకటి సాక్ష్యము పలికినవి. బడి మెట్లెక్కి యెరుగని ఆ తాత నాడు తరగతిలో కుర్చీపై కూర్చుండి వరద కథ చెప్పెను. గురువు పిల్లల వరుసలో కూర్చుండి వ్రాసికొనెను.

భద్రాచలము వద్ద ఎన్ని అడుగులైనపుడు తమ యూరిలో ఏ వీధికి నీరు వచ్చునో పిల్లలు ఇంటింట నడిగి ఒక పట్టిక సిద్ధపరచిరి. అది తెలుగులోను, అవ్వలకు గూడ అర్థమగునట్లు తెలుగు లిపిలో కోయభాషలోను వ్రాయబడినది. తెలుగున ఏరనగా చిన్న నది; కోయభాషలో ఏరనగా నీరు. ఆ పట్టిక శీర్షికలో ఆ మాట రెండు భాషలవారికిని చుట్టమువలె నిలిచెను. పట్టిక క్రింద పిల్లలు తామే కూర్చుకొన్న వాక్యము నొకటి చేర్చిరి: "నీటిని అడుగులతో కొలుతుము, మాటను అడిగి కొలుతుము."

2023వ సంవత్సరము జూలై చివరి దినములలో గోదావరి మరల మూడవ హెచ్చరిక మట్టమును దాటెను. ఊరివారు పట్టికను చూచుకొని, పగటివేళనే, తొందరపాటు లేక, పశువులతోను ధాన్యముతోను కేంద్రమునకు చేరిరి. మరునాటి సాయంకాలము ఫోనులలో ఒక సందేశము వచ్చినది. "ప్రమాదము తప్పినది. నీరు తీసినది. ఇక ఇండ్లకు పోవచ్చును," అని అందున్నది. ఇల్లు విడిచినవారికి ఇంతకంటె తీయని మాట యేమున్నది? కొందరు మూటలు కట్టుకొనిరి.

ఉపాధ్యాయుడు నోరు తెరువబోయి, ఆగి, ఆ బాలికవైపు చూచెను. ఆమె అప్పటికి తొమ్మిదవ తరగతి. "అమ్మా, ఈ మాట చెప్పినదెవరు?" అని తల్లి నడిగెను. పేరు లేదు. "ఎప్పటిది?" తేది లేదు. తోటివారు ఎగువనున్న పేరూరు మట్టమును వెబ్‌సైటులో చూచిరి. అచట నీరింకను తగ్గలేదు. ఎగువ తగ్గని నీరు దిగువ ఎట్లు తగ్గును? "ఈ రాత్రికి కదలవలదు," అని పిల్లలు చెప్పిరి. కొందరు పెద్దలు విసుగుకొనిరి. ఇంతలో తాత తన మూటను విప్పి నేలమీద పరచుకొని, "నేను పోను. మొన్న మన మడుగలేదు, చేయి విరిగినది. ఈనాడు పిల్లలడిగిరి," అనెను. అందరును నిలిచిరి. తెల్లవారుసరికి నీరు ఊరి మొదటి వీధిలో ప్రవేశించియుండెను. ఆ వీధి ఇండ్లలో ఒక్కప్రాణియు లేదు.

ఆ యుదయమున ఎవరును ఉపాధ్యాయుని పొగడలేదు. పొగడవలసిన పనియు లేదు. ఆయన చేసినదెల్ల తాను మాటలాడవలసిన చోట ఊరకుండుటయే. కాని ఆ ఊరకుండుట నేర్చుటకు ఆయనకు ఇరువది యేండ్ల యుద్యోగమును, ఒక పెద్ద తప్పును, ఒక బాలిక ప్రశ్నయు కావలసి వచ్చినవి.

2020 నాటి జాతీయ విద్యావిధానము విద్య విచారణతో సాగవలెనని చెప్పుచున్నది. ఆ మాట ప్రతి పాఠశాలకును చేరినది. దానిని పాఠముగా మార్చువారు మాత్రము ఇట్టి గురువులును, ఇట్టి శిష్యులునే. నేడు కృత్రిమ మేధతో మనుష్యుని ముఖమును, కంఠమును గూడ కల్పించి, అతడనని మాటలను అతడన్నట్లు చూపవచ్చును. యంత్రములు మారుచునే యుండును. గోడమీది యైదు ప్రశ్నలు మాత్రము మారనక్కరలేదు. ఫోను చేతికి వచ్చిన ప్రతివాడును వార్తాహరుడే. వార్తాహరుని తొందరపాటువలన ఒక యూరు పరుగెత్తును. అతని విచారణవలన ఒక యూరు నిలుచును.

ప్రశ్నలు

1. కంప్యూటరు పరీక్షలో నూరు మార్కులు పొందిన బాలుడు మౌసును గుర్తింపలేకపోవుటకు కారణమేమి?

2. ఉపాధ్యాయుడు పంపిన అబద్ధపు వార్తవలన కలిగిన రెండు విధములైన నష్టములను వివరింపుడు.

3. 48.77 మీటర్లు, 53 అడుగులు అను రెండు లెక్కలును ఎట్లు సత్యములైనవి?

4. చింతచెట్టు మేకునుగూర్చి బాలుడు వేసిన సందేహము మంచి ప్రశ్న యని యేల మెచ్చుకొనబడినది?

5. ఈ వారము మీ యింటి ఫోనునకు వచ్చిన యొక వార్తను తీసికొని, పాఠములోని యైదు ప్రశ్నలతో విచారించి, మీరు కనుగొన్న దానిని తరగతిలో చదువుడు.